ముందు నోరు చూడు

సోంపేటలో డయాలసిస్ గది బయట
చెప్పులు విడిచే చోట
ఎవరో దాత ఇచ్చిపోయిన గాజుతొట్టి.
మూడడుగుల పొడవు. నాలుగు నెలలుగా
అందులో పాత ఫైళ్లు ఈదుతున్నాయి.

"డ్రాయింగు మాస్టారు కదా, ఏదో ఒకటి చెయ్యండి"
అంది ప్రమీల సిస్టరు
నా చేతి మీద ప్లాస్టరు నొక్కుతూ.

అలా కాశీబుగ్గలో కూర్మారావు కొట్టు మెట్లెక్కాను.
పేరులో తాబేలు, అమ్మేది చేపలు.

నాకు తెలిసింది రంగులే.
నీలం తోక విప్పిన ఫైటర్ని చూపించాను,
పక్కన నారింజ గప్పీలు పదీ.
నీలం మీద నారింజ ఎప్పుడూ నిలబడుతుంది.

"ఏటి మాస్టారూ, తోక సూసి కొంటారేటి?
ముందు నోరు సూడండి.
దీని నోట్లో అది పట్టకూడదు,
దాని తోక దీనికి అందకూడదు.
అంతే సదువు."

ఫైటరు రంగుతోక కనబడితే చాలు
ఇంకో మొగోడనుకుని కలబడతాడట.
టైగర్ బార్బులు ఏంజెలు రెక్కలు కొరుకుతాయట,
కోపం లేదు, పని లేక.
ఏంజెలు పిల్లప్పుడు నియాన్లతో తిరుగుతుంది,
పెద్దదయ్యాక ఒక పొద్దున
నియాన్లుండవు.
మరి గోల్డుఫిష్?
"మొక్కలెయ్యకపోతే అట్టుకెల్లండి.
ఏస్తే మట్టుకు, అది మేక."

అప్పుడడిగాడు: "మీ నీల్లేటి?"

ఉద్దానంలో ఈ మాట ఎవరడిగినా
కాసేపు ఎవరూ మాట్లాడరు.
నీళ్లో, మట్టో, ఎండో, ఇంకా తేలలేదు.
సీసాలో తెచ్చిన బోరునీళ్లలో
కూర్మారావు మందు చుక్కలేశాడు,
రంగు మారేదాకా పైకే లెక్కపెట్టాడు.
పదిహేడు.
"నియాన్లు ఒగ్గేయండి. ఈ నీల్లకి ఆగవు."

చేపపిల్లకి ఇన్ని చుక్కలు!

ముందు మొక్కలు. మహేంద్రతనయ ఇసక
ఏడుసార్లు కడిగి పరిచాను.
వాలిస్నేరియా నాటాను, రాయికి నల్లదారంతో
అనూబియాస్ కట్టాను.
తర్వాత నాలుగు వారాలు ఏమీ లేదు.
రోజు విడిచి రోజు శ్యామలరావు, మూడో నంబరు మంచం,
అద్దం మీద వేలితో కొట్టి
"సేపలేవీ?" అనేవాడు.
నీళ్లు కుదురుకోవాలి, అనేవాణ్ని.

దమయంతి పరీక్షకి వెళ్లిన రోజు
పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది,
తనని చూసి ఎంచుకుంటారన్నట్టు.
కాగితం మీద కలవలేదని వచ్చింది.
ఇరవయ్యారేళ్లు ఒకే కుండలో ముంచుకు తాగాం.
బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది,
కంచిలి దాటాక అడిగింది:
"మీ చేపలెప్పుడొస్తాయి?"

వచ్చాయి. పది జీబ్రా డేనియోలు.
చిన్నప్పుడు మడికాలవలో తుండుగుడ్డకి
ఊరికే పడేవే, ఇప్పుడు జత నలభై.
అడుగున ఆరు కోరీలు.
ఒక్కదాన్నే ఉంచితే ఓ మూల నక్కి
తిండి మానేస్తుందని
ఆరుకి తక్కువ అమ్మనన్నాడు.
మధ్యలో చెర్రీ బార్బులు, మొక్కల నీడన ఎరుపు.
ఎవరి ఎత్తులో వాళ్లు.
ఒకళ్ల దారికి ఒకళ్లు అడ్డం రారని కాదు,
వస్తారు, తప్పుకుంటారు.

శనివారం ముప్పై లీటర్లు తీసి
ముప్పై లీటర్లు పోస్తాను.
నా వాటా రోజుకి మూడు గ్లాసులు.
పైపు చివర చుక్క ఆగి ఉంటుంది,
దాన్ని చూడను.

నిన్న శ్యామలరావు బాటిల్లో ఏదో తెచ్చాడు,
చొక్కా కింద దాచి.
జానెడు మట్టగిడస.
"మన పొలంలోదే మాస్టారూ! పరాయిది కాదు కదా,
ఏసేద్దుమా?"

"ముందు నోరు చూడు" అన్నాను.

బాటిలెత్తి చూశాడు. అది కూడా అతన్ని చూసింది.
అతను తన నోరు బార్లా తెరిచి
ఎవరిది పెద్దదో కొలిపించుకున్నాడు.

లోపల మిషన్ల మోత.
ప్రమీల సిస్టరు తలుపు తీసి
ఎవరలా నవ్వుతున్నారని కేకేసింది.